చెయ్యి తీసిన సామాను

తోడల్లుడి ఇంట్లో గోడగడియారం గంట కొట్టినప్పుడల్లా అది తనను వెక్కిరిస్తున్నట్టు సర్వేయరుకు అనిపించేది. గడియారానికి వెక్కిరించే శక్తి లేదని ఆయనకు తెలియక కాదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం గొలుసు పట్టుకుని ఇతరుల పొలాల సరిహద్దులు తేల్చిన మనిషి. కొలతకు లొంగని దేనినీ నమ్మే అలవాటు ఆయనకు లేదు. కాని అసూయ నమ్మకాల మీద ఆధారపడి బతికే జబ్బు కాదు. అది తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ ఒకే తీరున పట్టుకుంటుంది. తెలిసినవాడికి తన జబ్బుకు కారణాలు చెప్పుకునే సౌకర్యం అదనంగా ఉంటుంది, అంతే.

ఆ గడియారం పాతసామాన్ల బజారులో కొన్నదే. తోడల్లుడి ఇంట్లో ఉన్న చెక్క రేడియో, మడత కుర్చీ, సొరుగుల రాతబల్ల, అన్నీ అక్కడ కొన్నవే. ఉన్నవి కొద్ది. అయితే ప్రతిదీ పనిచేసేది. ప్రతిదాని చుట్టూ కొంత ఖాళీ ఉండేది. వచ్చినవాళ్ళు వస్తువులతో పాటు ఆ ఖాళీని కూడా మెచ్చుకుని వెళ్ళేవారు. సరుకు చూసి విలువ పోల్చగలవాడని బజారులో ఆయనను అందరూ 'పారఖీ గారు' అని పిలిచేవారు. ఎవరో ఒకనాడు వేళాకోళానికి పెట్టిన పేరు కాలక్రమాన గౌరవంగా స్థిరపడింది. సర్వేయరుకు బజారు ఇచ్చిన పేరు 'పారఖీ గారి తోడల్లుడు'.

అక్కచెల్లెళ్ళను చేసుకున్న ఇద్దరు మగవాళ్ళను బంధువర్గం ఒకే తక్కెడలో వేసి తూచక మానదు. అత్తగారు బతికి ఉన్నంతకాలం కుర్చీ కాలు విరిగినా, తలుపు గొళ్ళెం బిగుసుకున్నా, "పెద్దల్లుణ్ణి ఒక మాట అడిగి చూడండి" అనేది. ఆ మాట అంటున్నప్పుడు చిన్నల్లుడు సుత్తి పట్టుకుని అదే తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. ఆవిడ పోయింది గాని ఆ మాట పోలేదు. సర్వేయరు సుత్తి ఎత్తినప్పుడల్లా ఎక్కడి నుంచో వినపడుతూనే ఉండేది.

పదవీ విరమణ తరువాత ఆయన కూడా ఆదివారాలు ఆ బజారుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. ఒక వస్తువు మీద ఒకరు అరచెయ్యి ఆనించి ఉన్నంతసేపు మరొకరు దాని ధర అడగకూడదు. చెయ్యి తీస్తే అది అందరిదీ. ఈ కట్టుబాటులోంచి ఒక ఎత్తుగడ పుట్టింది. బజారువాళ్ళు దాన్ని 'చల్లార్చడం' అంటారు. నచ్చిన వస్తువును బాగా తడిమి, నచ్చనట్టు మొహం పెట్టి, చెయ్యి తీసి వెళ్ళిపోవాలి. అమ్మేవాడి ఆశ చల్లారాక తిరిగివచ్చి సగం ధరకు పట్టుకుపోవాలి.

పారఖీ పద్ధతిలో మార్పు వచ్చిందని సర్వేయరు గమనించాడు. పూర్వం ఆయన దూరం నుంచే చూసి, కావలసినదాని దగ్గరికే నడిచి, చెయ్యి వేసి కొనేసేవాడు. ఇప్పుడు ప్రతి దుకాణం దగ్గరా ఆగుతున్నాడు. కనపడిన ప్రతిదాని మీదా చెయ్యి వేసి, నింపాదిగా అంచులన్నీ తడిమి, చివరకు చెయ్యి తీసేస్తున్నాడు. ఏమీ కొనడం లేదు. దీనికి సర్వేయరు చెప్పుకున్న కారణం తర్కబద్ధంగానే ఉంది. పెద్దమనిషి చల్లారుస్తున్నాడు, ఒకటీ రెండూ కాదు, బజారు మొత్తాన్నీ చల్లారుస్తున్నాడు. కనుక చల్లారేలోపు వేడివేడిగా తానే ఎత్తుకుపోవాలి.

ఆ రోజు నుంచి సర్వేయరు వస్తువులను చూడటం మానేశాడు. తోడల్లుడి చేతిని చూసేవాడు. ఆ చెయ్యి లేచిన చోట తన చెయ్యి పడేది.

"తీసుకో తమ్ముడూ, నాకెందుకిప్పుడు అవన్నీ," అని పారఖీ నవ్వేవాడు. అది ఓడిన మనిషి నవ్వులా ఉండకపోవడం సర్వేయరుకు మింగుడుపడేది కాదు. అయినా పారఖీ ఇంటికి కొత్త వస్తువేదీ చేరకపోవడం ఆయనకు తృప్తిగానే ఉండేది. పోటీలో ఒకవైపు సరుకు పెరుగుతోంది, మరోవైపు పెరగడం లేదు. ఎవరు గెలుస్తున్నారో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

సరుకు పెరిగిన మాట నిజం. ముందుగదిలో తల ఆనించే దిండు లేని మంగలి కుర్చీ, ఒక పళ్ళెం పోయిన తక్కెడ, కాలితో తొక్కే సానరాయి, అంకెలు చెరిగిపోయిన బరువుల యంత్రం, పెట్టె లేని గ్రామఫోను గొట్టం, దర్జీ దుకాణంలో చొక్కా తొడిగి నిలబెట్టే తలలేని బొమ్మ చేరాయి. వాటి మీద, కింద, మధ్య ఉన్న చిన్న సామాను సంగతి చెప్పనక్కర్లేదు. ముందుగదిలోంచి వంటగదికి వెళ్ళాలంటే దర్జీబొమ్మ నడుము చుట్టూ చెయ్యి వేసి పక్కకు తిరిగి జరగాలి.

"నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడ్డ మనిషి," అనేది ఆయన భార్య. "దాన్ని మాత్రం రోజుకెన్నిసార్లు వాటేసుకుంటారో!"

ఒక సాయంత్రం ఆవిడ టీ గ్లాసు తెచ్చి సానరాయి మీద పెట్టింది. గదిలో గ్లాసు పెట్టడానికి వీలున్న చోటు అదొక్కటే.

"ఏమండీ, ముందుగది ఖాళీ చెయ్యాలి."

"ఎందుకు?"

"అక్కా బావగారూ వచ్చి మనింట్లో కొన్నాళ్ళుంటారు."

"వాళ్ళకు ఇల్లు లేదా?"

"ఉంది. మూడంతస్తులెక్కాలి."

"ఇన్నేళ్ళూ ఎక్కడం లేదా?"

"ఎక్కారు. ఇప్పుడు మన దగ్గరుండాలి. అంతకుమించి నన్నడక్కండి. చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికిచ్చావు మాట? మీ అక్కకా, మీ బావగారికా?"

"ఎవరికైతేనేం?"

సర్వేయరుకు ఆ తేడా చాలా ముఖ్యం. భార్య 'బావగారు' అనేటప్పుడు గొంతులో ఒక మెత్తదనం వస్తుందని ఆయన ఏనాడో గుర్తించాడు. పారఖీ పాత హాస్యమే మళ్ళీ చెప్పినా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. తాను చెప్పిన కొత్త హాస్యానికి, "అంటే ఏమిటి?" అని అడుగుతుంది. ఇప్పుడు వాళ్ళిద్దరికీ తనకు తెలియని రహస్యం ఒకటి కూడా ఉంది. ఆ మనిషి వచ్చి ఈ గదిలో కూర్చుంటాడు. తన చేతి కిందనుంచి జారిపోయిన సరుకంతా ఇక్కడ ఉండటం చూసి కుళ్ళుకుంటే మంచిదే. కాని కుళ్ళుకోడు. మెచ్చుకుంటాడు. అది ఇంకా భరించలేనిది.

"ఈ ఇంట్లో చోటు లేదు," అన్నాడు.

"లేదని నాకూ తెలుసు. అందుకే ఖాళీ చెయ్యమంటున్నా."

"ఇవి అలా పారేసేవి కావు. ఒక్కొక్కటీ ఎంత కష్టపడి..."

"వచ్చే ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను." ఆవిడ గొంతు పెంచలేదు. "గది ఖాళీ అయితే వాళ్ళొస్తారు. కాకపోతే నేనే అక్కడికి వెళ్తాను. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళూ అక్కడే ఉంటాను. మీరూ మీ తలలేని ఆవిడా హాయిగా కాపురం చేసుకోండి."

వట్టి బెదిరింపని ఆయన అనుకోలేకపోయాడు. ఆవిడ బెదిరించేటప్పుడు గిన్నెలు చప్పుడవుతాయి. ఈసారి ఖాళీ గ్లాసు తీసుకుని, దర్జీబొమ్మను సుతారంగా పక్కకు జరిపి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

భార్య తనను విడిచి, అందులోనూ ఆ ఇంటికి, ఆ గడియారం కిందికి, ఆ ఖాళీలోకి వెళ్తుందన్న ఊహ సర్వేయరును నిలువునా కాల్చింది. గది ఖాళీ చేయడానికి నిజంగానే పూనుకున్నాడు. తక్కెడ ఎత్తాడు, ఎత్తగానే, దాని మీద నుంచి పారఖీ చెయ్యి తీసిన క్షణం గుర్తొచ్చింది. అక్కడే దించాడు. గ్రామఫోను గొట్టం ఎత్తాడు, అదీ అంతే. వారమంతా శ్రమించి ఆయన ఖాళీ చేసింది ఒక కిటికీ గూడు. అందులోని సామాను మంచం కింద పెట్టాడు.

ఆదివారం పొద్దున భార్య సంచీ దులుపుతుంటే చూసి, బజారుకు బయలుదేరాడు. అమ్మకానికి ఒక్క వస్తువూ వెంట తీసుకువెళ్ళలేదు.

పారఖీ అప్పటికే అక్కడ ఉన్నాడు. తాళాలామె దుకాణం ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. దుకాణమంటే నేల మీద పరిచిన గోనెపట్టా, పక్కన ఒక చెక్కపెట్టె. పట్టా మీద చెవులు లేని తాళాలూ, తాళాలు లేని చెవులూ విడివిడి కుప్పలుగా ఉంటాయి. ఆమె నీళ్ళు తెచ్చుకోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళింది. పారఖీ చెయ్యి చెక్కపెట్టె మీద ఉన్న ఒక వస్తువు మీద ఆనింది.

సర్వేయరు పాతబూట్లు అమ్మేవాడి దుకాణం చాటున ఆగి, ఆ మొహాన్ని చూశాడు. ఎప్పటిలాగే వస్తువును చూడలేదు. పారఖీ తల కొంచెం పక్కకు వంచి, ఎక్కడో దూరంగా సంగీతం వింటున్నవాడిలా నిలుచున్నాడు. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. పిడి మీద ఆగాయి, పక్కనున్న కమ్మీ వెంట దిగాయి, గుండ్రటి అంచుల మీదుగా ఒకటి తరువాత ఒకటిగా జారాయి, కొక్కెం దగ్గర నిలిచాయి. పెదవుల మీద చిన్న చిరునవ్వు కనిపించింది. ఇంత మమకారంగా ఆయన దేన్నీ తడమడం సర్వేయరు చూడలేదు. ఇదే. ఇన్నాళ్ళ వేటకు అసలు జంతువు ఇదే.

చెయ్యి లేచింది. పారఖీ పక్క దుకాణం వైపు అడుగు వేశాడు. సర్వేయరు రెండంగల్లో వచ్చి అరచెయ్యి ఆనించాడు. వస్తువు నిజంగానే వేడిగా ఉంది. ఎండకు కాగి ఉంటుందనుకున్నాడు.

తాళాలామె నీళ్ళ సీసాతో తిరిగి వచ్చింది. "ఏం కావాలి సారూ?"

"ఇది. ఎంత?"

"ఏది?"

"నా చెయ్యి ఎక్కడుంది? అదే."

ఆమె చేతిని చూసింది, ఆయన మొహాన్ని చూసింది, మళ్ళీ చేతిని చూసింది. "అది నా అన్నం సారూ."

అప్పుడు సర్వేయరు కిందికి చూశాడు. అరచేతి కింద ఉన్నది అన్నం క్యారియరు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇత్తడి గిన్నెలు, పక్క కమ్మీ, చెక్కపిడి. మూత సందులోంచి పోపు వాసన వస్తోంది.

బూట్లవాడు ముందుగా అందుకున్నాడు. "ఇచ్చెయ్యి పిన్నీ! పారఖీ గారు చెయ్యేసి తీసిన సరుకు. ఈయన ఊరుకుంటాడా?"

"మూత తీసి చూపించవే," అంది గాజుసామాన్ల ఆవిడ. "కూర కూడా పాతదేనేమో, దానికీ బేరం ఆడతారు!"

చుట్టుపక్కల దుకాణాలన్నీ నవ్వాయి. చెయ్యి తీసేసి, పొరపాటయిందని ఒక్క మాట అంటే అయిపోయేది. కాని తోడల్లుడు వినేంత దూరంలో ఉండగా ఆ మాట సర్వేయరు నోట రాదు. ఆయన ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"అన్నం నువ్వు తిను. గిన్నెలు నాకివ్వు. ధర చెప్పు."

"నేను అమ్మేది తాళాలు సారూ!"

"తాళాలు అడగలేదు."

ఆమె కాసేపు ఆలోచించి, ఇక మాట్లాడకుండా వెళ్ళిపోతాడని ఆశించి, ముందున్న తాళాలన్నీ కలిపినా రానంత ధర చెప్పింది. ఆయన ఇచ్చేశాడు. టీ కొట్టు నుంచి ఒక కంచం అరువు తెచ్చారు. అన్నమూ కూరా అందులో కుమ్మరించుకుంటూ ఆమె, "మా ఇంట్లో ఇలాంటివి ఇంకో రెండున్నాయి, రేపు తెమ్మంటారా?" అంది. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వుల మధ్య సర్వేయరు గెలిచినవాడిలా తోడల్లుడి వైపు తిరిగాడు.

పారఖీ నవ్వడం లేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది. చెయ్యి వెనక్కి చాచి, ఆనుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గాలిలో వెతుకుతున్నాడు. బల్ల అంచు తగిలాక దాన్ని పట్టుకుని, ఆ అంచు వెంబడే మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

సర్వేయరు క్యారియరు పట్టుకుని ఇంటిదారి పట్టాడు. నవ్వులు ఆయనను వీధి మలుపు దాకా తరిమాయి. మలుపు తిరిగాక ఒక ప్రశ్న ఎదురై నిలిచింది: ఆయన ఎందుకు నవ్వలేదు? బజారంతా నవ్వింది, పొట్ట చెక్కలయ్యేలా నవ్వే హక్కు అందరికన్నా ఎక్కువ ఉన్న మనిషి నవ్వలేదు. జాలిపడ్డాడా? జాలిపడ్డ మనిషి మొహం పాలిపోదు. అసలు ఒకరి అన్నం క్యారియరును అంతసేపు ఎందుకు తడిమాడు? ఆటపట్టించడానికా? అలాగైతే ఫలితం చూసి ఆనందించి ఉండాలి. తన చేతి కింద ఉన్నదేమిటో తాళాలామె చెప్పేదాకా సర్వేయరుకు తెలియదు. ఎందుకంటే ఆయన దాన్ని చూడలేదు. ఆ మాట విన్నాక పారఖీ మొహం కూడా మారింది. అంటే...

ఆయన నడక ఆగిపోయింది.

గడియారంలో టైమెంతని అడిగితే పారఖీ అద్దం తెరిచి ముళ్ళను వేలితో తాకి చెప్పడం గుర్తొచ్చింది. పాతవస్తువు మీద ప్రేమ అనుకున్నాడు. టీ ఇస్తే గ్లాసు వేళ్ళకు తగిలేదాకా చెయ్యి చాచి ఉంచడం గుర్తొచ్చింది. దర్జా అనుకున్నాడు. మెట్టు దిగే ముందు పాదంతో నేలను పరీక్షించడం కూడా. ప్రతిదానికీ తన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంది. ప్రతి కారణాన్నీ అసూయే సరఫరా చేసింది. పారఖీ వస్తువులను చల్లార్చడం లేదు. అవి ఏమిటో తెలుసుకుంటున్నాడు. తెలిశాక అక్కర్లేదని చెయ్యి తీస్తున్నాడు.

ఆయనకు మొదట కలిగింది జాలి కాదు, కోపం. మంగలి కుర్చీ, సానరాయి, బరువుల యంత్రం, ఇంటినిండా మోసుకొచ్చి పేర్చుకున్నవన్నీ, చూపులేని ఒక మనిషి తడుముకుని వద్దనుకున్న వస్తువులు. ఇంతకాలం తాను ఓర్వలేకపోయింది ఎవరి కంటి గొప్పతనాన్నో, ఆ కన్నే లేదు.

ఇంట్లో భార్య సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, మంగలి కుర్చీ పక్కన నిలబడి ఉంది. చేతిలోని క్యారియరును చూసి కళ్ళు మూసుకుంది.

"గది ఖాళీ చెయ్యమంటే ఇంకోటి తెచ్చారు."

ఆవిడ దాన్ని లాక్కుని మూత తీసింది. "ఇదేమిటండీ, మెతుకులున్నాయి?"

"మీ బావగారికి ఎప్పటినుంచి కనపడటం లేదు?"

ఆవిడ మంగలి కుర్చీలో కూలబడింది. అది కిర్రుమని వెనక్కి వాలింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయన నవ్వలేదు."

ఆవిడకు అర్థం కాలేదు గాని, ఇక దాచవలసిన పనిలేదని మాత్రం అర్థమయింది. కళ్ళకు పొరలు పట్టాయి; ఆపరేషన్ అంటే భయపడి, కనపడుతున్నట్టే నటిస్తూ, పూర్తిగా మసకబారేదాకా దాచుకున్నాడు. కళ్ళాసుపత్రి ఈ వీధి చివరే. ఒక కంటికి చేసి, కొన్నాళ్ళాగి రెండోదానికి చేస్తారు. నడుమ మాటిమాటికీ చూపించుకోవాలి. ఆదివారం ఒక్కసారి అక్క బజారు మొదట్లో తెచ్చి దింపడమే గగనం; కంటికి కట్టుతో అన్నిసార్లు ఆ మెట్లు దిగి, రెండు బస్సులు మారి రావడం వాళ్ళ వల్ల కాదు.

"ఈ ఇంటికి తీసుకొద్దామంటే, కళ్ళున్న నేనే రోజుకోసారి మోకాలు కొట్టుకుంటున్నాను," అంది. "ఆయన ఇక్కడ పడితే?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేం చేసేవారు? నిజం చెప్పండి."

ఆయన నిజం చెప్పే అలవాటున్న మనిషి. అందుచేత మాట్లాడలేదు.

పాతఇనుము బండివాణ్ణి ఆయనే పిలుచుకొచ్చాడు. ప్రతి వస్తువు మీదా ఒకసారి అరచెయ్యి వేసి, తీసి, ఊఁ అనేవాడు, బండివాడు ఎత్తుకుపోయేవాడు. దర్జీబొమ్మ దగ్గర ఆలస్యమయింది.

"దీన్నీ ఎక్కించాలా అమ్మా?"

"దాన్నే ముందు ఎక్కించు బాబూ," అంది భార్య. "వెనక్కి తిరిగి చూడకుండా తీసుకెళ్ళు."

సాయంత్రానికి ముందుగదిలో నేల కనిపించింది. నేల ఏ రంగులో ఉండేదో ఇద్దరూ మరిచిపోయారు. సంచీలోని బట్టలు ఆవిడ తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. ఆయన చెప్పులేసుకుని, పిలవడానికి తానే బయలుదేరాడు.

పారఖీ మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వదినగారు మరిదిని చూసి లేచి లోపలికి వెళ్ళింది గాని, గుమ్మం దాటి పోలేదు.

"తమ్ముడా? రా. అడుగుల చప్పుడు తెలుస్తుంది నాకు. ఎప్పుడూ రెండడుగుల వెనకాల వినపడేదేగా!"

"అన్నయ్యా, మా ఇంటికి రండి. గది ఖాళీ చేశాను."

"క్యారియరు కొన్నావట."

"కొన్నాను."

"నేనూ దాన్ని ఏదో పాత దీపం అనుకున్నాను." పారఖీ నవ్వడానికి ప్రయత్నించాడు. "నీకొక మాట చెప్పాలి. నువ్వు నా వెనకాలే కొంటున్నావని మొదటినుంచీ తెలుసు. మీ వదిన రోజూ పోరేది, మరిదిగారికి చెప్పెయ్యండి, ఆ ఇల్లు గోదామయిపోతోందని. నేనే చెప్పలేదు. పారఖీకి చూపు తగ్గిందని ఎవడైనా అంటే, పక్కవాడు, మరి ఆ తోడల్లుడు అంతలా ఎగబడి కొంటున్నాడేం, పిచ్చివాడా అనేవాడు. నువ్వు కుళ్ళుకుంటున్నంతకాలం బజారులో నాకు కళ్ళున్నట్టే లెక్క."

"అంటే మా ఇంట్లో చెత్త నింపి మీ పరువు నిలబెట్టుకున్నారు."

"అవును."

"ఒక్కసారైనా వద్దనలేదు."

"నాకెందుకివన్నీ అన్నానుగా?"

"అది నాకు వద్దన్నట్టు వినపడలేదు."

"నీకు వినపడదు, నాకు కనపడదు. ఇద్దరం కలిసి బజారుకెళ్ళాం."

గుమ్మం అవతల వదినగారు పకాలున నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. సర్వేయరు నవ్వలేదు. ఇంత పెద్ద తప్పును ఇంత తేలిగ్గా ఒప్పుకుని, దాని మీద హాస్యమాడి, ఆడవాళ్ళను నవ్వించడం కూడా ఈ మనిషికే చేతనయిందని ఆయనకు మళ్ళీ కడుపులో మండింది. అయినా చెయ్యి అందించాడు. మెట్లన్నీ ముందు దిగుతూ, ఎక్కడ మలుపుందో, ఎక్కడ అంచు విరిగిందో చెబుతూ వచ్చాడు. కొలతల్లో ఆయన ఎన్నడూ పొరబడలేదు.

వాళ్ళతో పాటు గోడగడియారం కూడా వచ్చింది. గంట వినపడకపోతే పారఖీకి నిద్ర పట్టదట. ముందుగదిలో ఖాళీ గోడకు దాన్ని సర్వేయరే తగిలించాడు. ఇరుగుపొరుగువాళ్ళు రోగిని చూడటానికి వచ్చి, చుట్టూ చూసి, "పారఖీ గారు అడుగుపెట్టగానే ఇల్లెంత బాగయిందో!" అన్నారు. గడియారం గంట కొట్టింది. సర్వేయరు లేచి వంటగదిలోకి వెళ్ళాడు. ఇప్పుడు దారి తిన్నగా ఉంది. వాటేసుకోవడానికి బొమ్మ కూడా లేదు.

బండికి ఎక్కనిది ఇత్తడి క్యారియరు ఒక్కటే. ఆపరేషన్ రోజుల్లో ఆసుపత్రికి అన్నం అందులోనే వెళ్ళేది. సర్వేయరే తీసుకువెళ్ళేవాడు. ఖాళీ గిన్నెలు ఇంటికి తెచ్చి చింతపండుతో తోమడం కూడా, ఎవరూ అడగకుండానే, ఆయన పనయింది. మొదటి కంటి మసక విడవడానికి చాలా రోజులు పట్టింది; రెండో కంటి కట్టు విప్పేనాటికి ఆ ఇత్తడి పసుపుపచ్చగా మెరుస్తోంది.

కట్టు విప్పించుకుని పారఖీ ముందుగదిలోకి వచ్చాడు. గోడను చూశాడు, గడియారాన్ని చూశాడు, మరదలి తలలో తెల్లవెంట్రుకలు చూసి ఏదో అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆయన చూపు తిరుగుతూ తిరుగుతూ కిటికీ గూటిలో ఆగింది. ఈసారి తల పక్కకు వంచలేదు. తిన్నగా చూశాడు.

"అబ్బ! ఎవరి పనితనమో ఇది. ఆ కమ్మీ వంపు చూడు, ఆ గిన్నెల అమరిక చూడు. తమ్ముడూ, ఇంత మంచి సరుకు ఎక్కడ పట్టావు?"

గదిలో అక్కచెల్లెళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. పారఖీ చెయ్యి చాచి, కిటికీ వైపు వస్తున్నాడు. పెద్ద వయసులోనూ నడకలో మునుపటి చురుకుదనం వచ్చేసింది.

సర్వేయరు అంతకన్నా ముందే కిటికీ చేరుకున్నాడు. క్యారియరు మూత మీద అరచెయ్యి ఆనించాడు. పారఖీ ఎదురుగా నిలబడి, తిరిగొచ్చిన రెండు కళ్ళతోనూ ఆ చేతిని చూస్తూ, అది లేవడం కోసం ఎదురుచూశాడు.

సర్వేయరు చెయ్యి తీయలేదు.